చిల్లర్ కరెంటు లెక్కకి ఏ మోడల్ పట్టుకోవాలి: నీటి టెంపరేచర్లతో మొదలుపెట్టి చూద్దాం

పెద్ద బిల్డింగుల ఏసీ కోసం నీటిని చల్లబరిచే మెషిన్ చిల్లర్. దాని చల్లనీటి సెట్ పాయింట్, అంటే నీరు ఎంత చల్లగా బయటికి రావాలని పెట్టుకున్న టెంపరేచర్, 7 డిగ్రీల నుంచి 9కి పెంచితే చిల్లర్ కరెంటు ఎంత తగ్గుతుంది? ఈ ప్రశ్న ముగ్గురిని అడిగి చూడండి. ప్లాంట్ రూమ్ ఇంజనీర్ ఐదు శాతం అంటాడు, థర్మోడైనమిక్స్ బాగా చదివినాయన ఎనిమిది అంటాడు, సిమ్యులేషన్ చేసే కన్సల్టెంట్ ఒక దశాంశం కూడా కలిపి ఇంకో అంకె చెప్తాడు. ఎవరూ అబద్ధం ఆడట్లేదు, తలో మోడల్ వాడుతున్నారంతే. చాలామందికి తాము వాడుతున్నది ఒక మోడల్ అన్న సంగతే తట్టదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ మోడల్ గొప్పది అని వెతక్కండి. మీ దగ్గరున్న డేటాలో రెండు నీటి టెంపరేచర్లు, అంటే చిల్లర్ నుంచి బయటికి వెళ్లే చల్లనీటిదీ, కూలింగ్ టవర్ నుంచి కండెన్సర్‌కి (చిల్లర్ తన వేడిని వదిలే భాగానికి) వచ్చే నీటిదీ, ఎంతెంత మేర మారాయి, ఒకదానితో సంబంధం లేకుండా రెండోది మారిందా లేదా అన్నది ముందు చూడండి. మోడల్ ఎంపికలో ముప్పాతిక వంతు అక్కడే తేలిపోతుంది.

లెక్కలకి ఒక మెషిన్ పెట్టుకుందాం. 500 టీఆర్ (టన్ ఆఫ్ రిఫ్రిజరేషన్, చల్లబరిచే శక్తికి కొలమానం) వాటర్ కూల్డ్ చిల్లర్, చల్లనీరు 12 దగ్గర వచ్చి 7 దగ్గర వెళ్తుంది, కండెన్సర్ నీరు 30కి వచ్చి 35కి వెళ్తుంది, ఆ కండిషన్‌లో సీఓపీ (ఒక యూనిట్ కరెంటుకి ఎన్ని యూనిట్ల వేడి తీస్తుందో చెప్పే నిష్పత్తి) 6.1. ఒక టీఆర్ అంటే 3.517 కిలోవాట్లు కాబట్టి లోడు 1,758 కిలోవాట్లు, కరెంటు 288 కిలోవాట్లు, మనవాళ్లు మాట్లాడుకునే భాషలో టన్నుకి 0.577 కిలోవాట్లు. ఫుల్ లోడ్‌లో చల్లనీటి ఫ్లో గంటకి సుమారు 302 ఘనపు మీటర్లు. టన్నులు కట్టడానికి ఫ్లోని డెల్టా టీతో (వచ్చే, వెళ్లే నీటి టెంపరేచర్ల తేడాతో) గుణించి 3.024తో భాగించే లెక్క ప్లాంట్ రూమ్‌లో అందరికీ తెలిసిందే.

కంప్రెసర్ చేసే పనల్లా రిఫ్రిజరెంట్‌ని (మెషిన్ లోపల వేడిని మోసే ద్రవ్యాన్ని) చల్లటి చోటు నుంచి వేడి చోటుకి ఎక్కించడం. ఆ ఎత్తునే లిఫ్ట్ అంటాం. కింద చల్లనీరు కాస్త వెచ్చబడినా, పైన కండెన్సర్ నీరు కాస్త చల్లబడినా ఎత్తు తగ్గుతుంది, పని తగ్గుతుంది. ఏ మోడల్ తీసుకున్నా చెప్పేది ఈ ఒక్క విషయమే. తేడా అంతా ఎత్తు ఒక డిగ్రీ తగ్గితే పని ఎంత తగ్గుతుందో చెప్పే తీరులో ఉంది.

డిగ్రీకి ఇన్ని శాతం అనే నోటిలెక్క

డిగ్రీకి రెండు నుంచి మూడు శాతం. దీన్ని చిన్నచూపు చూడకండి. 7 నుంచి 9కి వెళ్తే నాలుగు నుంచి ఆరు శాతం, అంటే మన మెషిన్ మీద 12 నుంచి 17 కిలోవాట్లు. మేనేజ్‌మెంట్‌తో "ఇది చేయడం దండగ కాదు" అని చెప్పడానికి ఇది చాలు, ఇంకో వారం స్ప్రెడ్‌షీట్ ముందు కూర్చోనక్కర్లేదు.

పనికిరానిది ఎక్కడంటే, పార్ట్ లోడ్ (పూర్తి కెపాసిటీ కన్నా తక్కువ లోడు) దగ్గర, ఇంకా వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని మార్చే పరికరం) ఉన్న సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్ దగ్గర. వాటిలో ఒక డిగ్రీ విలువ లోడుని బట్టి, అప్పటికే లిఫ్ట్ ఎంతుందన్నదాన్ని బట్టి మారుతుంది. పది డిగ్రీల మార్పుకి పదిని మూడుతో గుణించి ముప్పై శాతం అని రాసేసిన రిపోర్టులు కనిపిస్తుంటాయి, అవి చూసినప్పుడు బాధేస్తుంది.

కార్నో భిన్నం

దీనికి కావలసింది ఒకే ఒక రేటింగ్ పాయింట్, అంటే కంపెనీ షీట్‌లో ఒక కండిషన్ దగ్గర ఇచ్చిన సీఓపీ. ఆదర్శ సీఓపీ (కార్నో సూత్రం ప్రకారం ఏ మెషినూ దాటలేని హద్దు) అంటే చల్లటి టెంపరేచర్‌ని కెల్విన్‌లో పెట్టి, రెండు టెంపరేచర్ల తేడాతో భాగించడం. మన మెషిన్‌కి బయటికి వెళ్లే నీళ్లు 7, 35 తీసుకుంటే 280.15ని 28తో భాగించాలి, సుమారు 10 వస్తుంది. అసలు సీఓపీ 6.1 కాబట్టి భిన్నం 0.61. ఈ భిన్నం మారదు అనుకుని మిగతా టెంపరేచర్లన్నిటికీ వాడేయడమే ఈ మోడల్.

ఇప్పుడు సెట్ పాయింట్ 9 పెట్టండి. 282.15ని 26తో భాగిస్తే 10.85, దాన్ని 0.61తో గుణిస్తే సీఓపీ 6.62, కరెంటు తగ్గుదల 7.8 శాతం. థర్మోడైనమిక్స్ ఆయన ఎనిమిది ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా. ఈ అంకె ఎక్కువ, ఎందుకంటే కంప్రెసర్‌కి కనిపించేది నీటి టెంపరేచర్ కాదు, రిఫ్రిజరెంట్ టెంపరేచర్. ఎవాపరేటర్‌లో (నీరు చల్లబడే భాగంలో) రిఫ్రిజరెంట్ నీటికన్నా ఒకటి రెండు డిగ్రీలు చల్లగా, కండెన్సర్‌లో ఒకటి రెండు డిగ్రీలు వేడిగా ఉంటుంది. ఈ తేడానే అప్రోచ్ అంటాం. చెరో రెండు డిగ్రీలు అప్రోచ్ కలిపి మళ్లీ కడితే అదే మార్పుకి సుమారు ఏడు శాతం వస్తుంది. అంటే నీటి టెంపరేచర్లకి బదులు అప్రోచ్ కలిపిన టెంపరేచర్లు వాడటం అనే చిన్న మార్పుతోనే అంకె నిజానికి కాస్త దగ్గరవుతుంది, అయినా ఇంకా ఎక్కువే.

కండెన్సర్ వైపు దీని తప్పు ఇంకా పెద్దది. బయటికి వెళ్లే కండెన్సర్ నీరు 35 నుంచి 25కి దిగితే ఈ మోడల్ సీఓపీ 9.5 అంటుంది, టన్నుకి 0.37 కిలోవాట్లు. మంచి వీఎఫ్‌డీ సెంట్రిఫ్యూగల్ దాని దగ్గరికి రావచ్చు, ఒకే వేగంతో తిరిగే మెషిన్ మాత్రం రాదు. లిఫ్ట్ చిన్నదవుతున్నకొద్దీ అప్రోచ్‌ల వాటా పెరుగుతుంది, మోటార్‌లో లోడుతో పనిలేకుండా పోయే నష్టాలు అలాగే ఉంటాయి, కంప్రెసర్ తన డిజైన్ పాయింట్‌కి దూరంగా నడుస్తుంది. కాబట్టి భిన్నం స్థిరంగా ఉండదు, లిఫ్ట్ తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది.

అలాగని పక్కన పడేయకండి. చేతిలో ఒక రేటింగ్ షీట్ తప్ప ఇంకేమీ లేనప్పుడు, డిజైన్ మొదటి దశలో, రేటింగ్ పాయింట్‌కి మూడు నాలుగు డిగ్రీలు అటూ ఇటూ చూడటానికి ఇది ఉత్తమం. మోడెలికా అనే సిమ్యులేషన్ భాష బిల్డింగ్స్ లైబ్రరీలో కార్నో చిల్లర్ మోడల్ రెడీగా ఉంది కూడా. ఇంకో లాభం, ఇది ఎప్పుడూ పిచ్చి దిశలో పోదు. ఎక్కువ చెప్తుంది, తక్కువ చెప్తుంది, కానీ చల్లనీరు వెచ్చబడితే కరెంటు పెరుగుతుందని మాత్రం అనదు. ఈ గుణం విలువ తర్వాతి మోడల్ దగ్గర తెలుస్తుంది.

ఎనర్జీప్లస్, డీఓఈ-2 వాడే కర్వ్‌లు

ఎనర్జీప్లస్, డీఓఈ-2 అనేవి బిల్డింగ్ కరెంటు వాడకాన్ని లెక్కగట్టే ప్రోగ్రామ్‌లు. బిల్డింగ్ సిమ్యులేషన్ చేసేవాళ్లలో ఎక్కువమంది వాడేది ఇదే, ఈఐఆర్ మోడల్. ఈఐఆర్ అంటే సీఓపీని తిరగేసినది. రిఫరెన్స్ కండిషన్‌లో మెషిన్ తినే కరెంటుని మూడు గుణకాలతో గుణిస్తారు. మొదటిది, ఈ టెంపరేచర్ల దగ్గర మెషిన్ కెపాసిటీ ఎంత మారుతుంది. రెండోది, ఈ టెంపరేచర్ల దగ్గర ఫుల్ లోడ్ ఈఐఆర్ ఎంత మారుతుంది. మూడోది, పార్ట్ లోడ్‌లో ఎంత మారుతుంది. మొదటి రెండింటికీ చల్లనీరు, కండెన్సర్ నీరు అనే రెండు చరరాశులతో వర్గ సమీకరణం, చెరో ఆరు కోఎఫిషెంట్లు. మూడోదానికి పార్ట్ లోడ్ నిష్పత్తి ఒక్కటే, మూడు కోఎఫిషెంట్లు.

బలం ఏంటంటే, కంపెనీ సెలెక్షన్ సాఫ్ట్‌వేర్‌లోంచి వచ్చిన టేబుల్ మీకుంటే, దానిమీద ఇది చాలా చక్కగా కూర్చుంటుంది. ఎనర్జీప్లస్‌తో పాటు వచ్చే డేటాసెట్‌లో నిజమైన మెషిన్ల కర్వ్‌లు వందకు పైనే ఉన్నాయి, మీ మెషిన్‌కి దగ్గరగా ఉన్నది ఏరుకోవచ్చు. ఏరుకునేటప్పుడు టన్నులు ఒక్కటే చూసి తీసుకోకండి, కంప్రెసర్ రకం, వీఎఫ్‌డీ ఉందా లేదా అన్నవి టన్నులకన్నా ముఖ్యం.

బలహీనతలు చెప్పాలంటే కొంచెం పెద్దగా చెప్పాలి. ఎనర్జీప్లస్‌లో ప్రతి కర్వ్‌కీ కనిష్ఠ, గరిష్ఠ టెంపరేచర్ హద్దులుంటాయి. మీరు హద్దు దాటితే ప్రోగ్రామ్ ఆగదు, హద్దు దగ్గరి విలువనే పట్టుకుని ముందుకెళ్తుంది, మహా అయితే ఎర్రర్ ఫైల్‌లో ఒక వార్నింగ్ రాసి ఊరుకుంటుంది. కర్వ్ 10 డిగ్రీల దాకానే ఫిట్ అయి ఉంటే, డేటా సెంటర్ కోసం మీరు 16 డిగ్రీల చల్లనీటితో సిమ్యులేషన్ నడిపినా ఈఐఆర్ 10 దగ్గరిదే. "సెట్ పాయింట్ పెంచినా 10 తర్వాత లాభం లేదు" అని రిపోర్టు వస్తుంది, అది మెషిన్ గురించిన నిజం కాదు, కర్వ్ హద్దు. విశాఖలో డేటా సెంటర్ల గురించి ఇంత మాట్లాడుకుంటున్న ఈ రోజుల్లో ఈ పొరపాటు ఖరీదైనది, ఎందుకంటే అక్కడ ప్లాంట్ ఎంపికంతా ఎంత వెచ్చటి నీటితో నడపగలం అన్నదానిమీదే ఉంటుంది.

ఇంకోటి, ఈక్వెస్ట్ అనే ప్రోగ్రామ్ నుంచి కర్వ్ తీసి ఎనర్జీప్లస్‌లో పెట్టేవాళ్లు ఉన్నారు. ఈక్వెస్ట్ వెనకున్న డీఓఈ-2 ఫారన్‌హీట్‌లో లెక్కగడుతుంది, ఎనర్జీప్లస్ సెల్సియస్‌లో. కోఎఫిషెంట్లు నేరుగా అతికిస్తే అర్థం లేని సమాధానం వస్తుంది. రిఫరెన్స్ టెంపరేచర్లు పెట్టి చూస్తే రెండు టెంపరేచర్ కర్వ్‌లూ 1కి దగ్గరగా రావాలి, పది శాతం కన్నా ఎక్కువ తేడా ఉంటే ప్రోగ్రామే గొణుగుతుంది, ఆ గొణుగుడు చదవండి.

కండెన్సర్ నీరు: వచ్చేదా, వెళ్లేదా

మామూలు ఈఐఆర్ మోడల్ కండెన్సర్‌కి వచ్చే నీటి టెంపరేచర్ తీసుకుంటుంది. కండెన్సర్ పంపు ఒకే ఫ్లోతో తిరుగుతున్నంతకాలం పర్వాలేదు. పంపుకి వీఎఫ్‌డీ పెట్టి ఫ్లో తగ్గించారనుకోండి, వచ్చే నీరు 30లోనే ఉంటుంది, వెళ్లే నీరు మాత్రం 35కి బదులు 37, 38 అవుతుంది, కంప్రెసర్ దానికి తగ్గట్టు ఎక్కువ ఎత్తు ఎక్కాలి. వచ్చే నీటి మోడల్‌కి ఇదేమీ కనపడదు. పంపు కరెంటు ఆదా మొత్తం లాభంగా చూపిస్తుంది, చిల్లర్‌లో పోయినది దాచేస్తుంది.

దీనికోసమే 2002లో మార్క్ హైడెమాన్, ఆయన సహచరులు మోడల్‌ని తిరగరాశారు. ఎనర్జీప్లస్‌లో రీఫార్ములేటెడ్ ఈఐఆర్ పేరుతో ఉన్నది అదే. ఇందులో కండెన్సర్ నుంచి వెళ్లే నీటి టెంపరేచర్ వాడతారు, పార్ట్ లోడ్ కర్వ్‌లోకి కూడా ఆ టెంపరేచర్ తెస్తారు. వీఎఫ్‌డీ మెషిన్‌కి రెండోది ప్రాణం. ఎందుకంటే వీఎఫ్‌డీ సెంట్రిఫ్యూగల్ సగం లోడులో లిఫ్ట్ కూడా తక్కువుంటే వేగం తగ్గించుకుని అద్భుతంగా నడుస్తుంది, అదే సగం లోడు వేడి కండెన్సర్ నీటితో వస్తే వేగం తగ్గించలేదు, తగ్గిస్తే సర్జ్‌లోకి (రిఫ్రిజరెంట్ వెనక్కి తన్నే స్థితిలోకి) పోతుంది. సగం లోడుకి ఒకే గుణకం ఉన్న మోడల్ ఈ రెంటినీ కలిపి సగటు చేసేస్తుంది. ఒక చిక్కు ఉంది, వెళ్లే నీటి టెంపరేచర్ కరెంటు మీద ఆధారపడుతుంది, కరెంటు ఆ టెంపరేచర్ మీద ఆధారపడుతుంది. కాబట్టి తిప్పి తిప్పి లెక్కగట్టాలి. నాలుగైదు చుట్లలో కుదురుకుంటుంది, ఎక్సెల్‌లో కూడా చేయొచ్చు.

ఒక్క మాటలో, ఒకే వేగం మెషిన్, ఒకే ఫ్లో అయితే మామూలు ఈఐఆర్. వీఎఫ్‌డీ చిల్లర్ గానీ, కండెన్సర్ పంపుకి వీఎఫ్‌డీ గానీ ఉంటే రీఫార్ములేటెడ్. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

గోర్డన్-ఎన్‌జీ

నడుస్తున్న ప్లాంట్ డేటాతో పనిచేసేవాళ్లకి నేను ముందు చూపించేది ఇదే. ఇజ్రాయెల్ బెన్ గురియన్ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ గోర్డన్, సింగపూర్ నేషనల్ యూనివర్సిటీకి చెందిన కిమ్ చూన్ ఎన్‌జీ 1990లలో థర్మోడైనమిక్స్ సూత్రాల నుంచి కట్టారు. మూడే కోఎఫిషెంట్లు, మూడింటికీ భౌతికమైన అర్థం ఉంది. ఒకటి కంప్రెసర్ లోపల, రిఫ్రిజరెంట్ దారిలో పుట్టే ఎంట్రపీ (అక్కడ జరిగే వృథాకి కొలత). రెండోది బయటి నుంచి లోపలికి, లోపలి నుంచి బయటికి కారే వేడి. మూడోది రెండు హీట్ ఎక్స్ఛేంజర్ల ఉష్ణ నిరోధం.

సమీకరణం మాటల్లో ఇలా ఉంటుంది. ఎడమవైపు: చల్లనీటి టెంపరేచర్‌ని కండెన్సర్ నీటి టెంపరేచర్‌తో భాగించి, దాన్ని (1 + 1/సీఓపీ)తో గుణించి, 1 తీసేయండి. కుడివైపు మూడు పదాలు: మొదటి కోఎఫిషెంట్ × (చల్లనీటి టెంపరేచర్ ÷ లోడు), రెండోది × (టెంపరేచర్ల తేడా ÷ (కండెన్సర్ టెంపరేచర్ × లోడు)), మూడోది × (లోడు × (1 + 1/సీఓపీ) ÷ కండెన్సర్ టెంపరేచర్). టెంపరేచర్లు తప్పనిసరిగా కెల్విన్‌లో ఉండాలి. మన మెషిన్‌కి 7, 30 పెడితే ఎడమవైపు 0.0756 వస్తుంది, మీ షీట్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఈ అంకె పెట్టుకోండి. ఎక్సెల్‌లో రిగ్రెషన్ చేసే లీనెస్ట్ ఫంక్షన్ చాలు, పైథాన్ కూడా అక్కర్లేదు. అంతరాలు బాగా ఉన్న ముప్పై పాయింట్లు, దగ్గరదగ్గరగా ఉన్న మూడు వేల పాయింట్ల కన్నా మేలు.

ఫిట్ చేశాక సీఓపీ కోసం తిప్పి తిప్పి లెక్కగట్టాల్సిన పనిలేదు, సమీకరణం సర్దితే నేరుగా వస్తుంది. టెంపరేచర్ ప్రభావం సమీకరణం ఆకారంలోనే ఉంది కాబట్టి డేటాలో కాస్త తక్కువగా మారినా కర్వ్‌ల మాదిరిగా చెల్లాచెదురు కాదు. ట్యూబులు స్కేల్ పట్టినకొద్దీ మూడో కోఎఫిషెంట్ పెరుగుతుంది, డీస్కేలింగ్ ఎప్పుడు చేయాలో చెప్పే పనిముట్టు ఫ్రీగా దొరికినట్టే.

రెండు జాగ్రత్తలు. సీఓపీ సమీకరణానికి రెండు వైపులా ఉంది కాబట్టి ఆర్-స్క్వేర్ (ఫిట్ ఎంత బాగుందో చెప్పే అంకె) 0.99 వచ్చిందని మురిసిపోకండి, కిలోవాట్లు తిరిగి లెక్కగట్టి మీటర్‌తో పోల్చండి, తప్పు ఎంతో అక్కడే తెలుస్తుంది. రెండోది, వేడి కారే కోఎఫిషెంట్ చాలా ప్లాంట్లలో నిలకడగా రాదు, ఒక్కోసారి మైనస్‌లో వస్తుంది. అప్పుడు ఆ పదం తీసేసి రెండింటితోనే నడపండి, నష్టం పెద్దగా ఉండదు. వీఎఫ్‌డీ మెషిన్‌కి మాత్రం ఇది అంత బాగా కుదరదు, వేగం మారితే లోపలి ఎంట్రపీ స్థిరంగా ఉండదు కాబట్టి.

మెషీన్ లెర్నింగ్ సంగతి

ఎక్కువ రాయను. రాండమ్ ఫారెస్ట్, ఎక్స్‌జీబూస్ట్ లాంటివి చూసిన చోట బ్రహ్మాండంగా చెప్తాయి, చూడని చోట గీత చదునుగా పెట్టేస్తాయి. మీ డేటా అంతా 7 డిగ్రీల దగ్గరిదైతే 9 గురించి అడిగినా 7 గురించే చెప్తాయి. 2016లో డీప్‌మైండ్ గూగుల్ డేటా సెంటర్లలో కూలింగ్ కరెంటు 40 శాతం తగ్గించిందన్న వార్త చూపించి మన ప్లాంట్‌కీ అదే కావాలనేవాళ్లు ఉంటారు. వాళ్ల దగ్గర వేల సెన్సర్ల డేటా ఉంది. వాడాలనే ఉంటే గోర్డన్-ఎన్‌జీ గానీ ఈఐఆర్ గానీ ముందు పెట్టి, అది చెప్పలేని మిగులుని మాత్రమే దీనికి అప్పగించండి, టెంపరేచర్ దిశ తప్పకుండా మోనోటోనిక్ షరతు పెట్టండి.

డేటాలో అసలు చిక్కు

మన దగ్గర చాలా బిల్డింగుల్లో బీఎంఎస్ (బిల్డింగ్ మెషిన్లని చూసుకునే కంప్యూటర్ వ్యవస్థ) ట్రెండ్ తెరిస్తే ఏడాది పొడవునా చల్లనీరు 6.8కీ 7.3కీ మధ్యే ఉంటుంది. సెట్ పాయింట్ ఎవరూ ముట్టుకోరు, ముట్టుకుంటే కంప్లైంట్ వస్తుందని టెన్షన్. ఈ డేటా మీద ఆరు కోఎఫిషెంట్ల కర్వ్ ఫిట్ చేస్తే, చల్లనీటి టెంపరేచర్‌కి సంబంధించిన కోఎఫిషెంట్లన్నీ సెన్సర్ నాయిస్ మీద ఫిట్ అవుతాయి. ఫిట్ బాగానే కనిపిస్తుంది. 9 డిగ్రీలు పెట్టి అడగండి, కరెంటు ఇరవై శాతం తగ్గుతుందనైనా అనొచ్చు, పెరుగుతుందనైనా అనొచ్చు.

కండెన్సర్ వైపు ఇంకో రకం చిక్కు. ఎండలు ముదిరితే లోడు పెరుగుతుంది, టవర్ నీరూ వెచ్చబడుతుంది, చలికాలం రెండూ తగ్గుతాయి. రెండూ ఎప్పుడూ జంటగానే కదిలితే ఏ మార్పు దేనివల్లో ఏ రిగ్రెషనూ విడదీయలేదు. హైదరాబాద్‌లో ఇది కొంత నయం, ఎందుకంటే ఏప్రిల్ మధ్యాహ్నం 40 దాటినా గాలి పొడిగా ఉంటుంది, వెట్ బల్బ్ (గాలిలో తేమని కూడా లెక్కలోకి తీసుకునే టెంపరేచర్, టవర్ నీరు అంతకన్నా చల్లబడదు) అంతగా పెరగదు, వానాకాలంలో ఎండ తగ్గినా తేమ వల్ల టవర్ నీరు వెచ్చగానే ఉంటుంది, లోడూ టవర్ టెంపరేచరూ అప్పుడప్పుడు వేరు దారులు పడతాయి. విశాఖలో వేసవి నుంచి వానలు వెళ్లేదాకా వెట్ బల్బ్ 27, 28 దగ్గర తిష్ఠ వేసుకుంటుంది, టవర్ అప్రోచ్ (వెట్ బల్బ్ కన్నా టవర్ నీరు ఎంత వేడిగా ఉంటుందో ఆ తేడా) మూడు నాలుగు డిగ్రీలు కలిపితే కండెన్సర్‌కి వచ్చే నీరు రేటింగ్ కండిషన్ అయిన 30 కన్నా వేడిగానే ఉంటుంది.

కంపెనీ షీట్ల దగ్గరా ఇదే కథ. ఐపీఎల్‌వీ (వేర్వేరు లోడుల దగ్గరి సామర్థ్యాన్ని వెయిటేజీతో కలిపిన రేటింగ్) పాయింట్లు ఇస్తారు: ఫుల్ లోడ్‌కి 29.4 డిగ్రీల కండెన్సర్ నీరు, 75 శాతానికి 23.9, 50కీ 25కీ 18.3. లోడూ టెంపరేచరూ కలిసే దిగుతున్నాయి చూశారా. వీటిమీద పార్ట్ లోడ్ కర్వ్ ఫిట్ చేస్తే చల్లటి నీటి వల్ల వచ్చిన లాభమంతా పార్ట్ లోడ్ ఖాతాలో పడుతుంది. పైగా ఐపీఎల్‌వీలో 45 శాతం వెయిటేజీ ఉన్న 50 శాతం లోడు పాయింట్ 18.3 డిగ్రీల నీటితో కొలిచింది, విశాఖలో ఏడాదిలో ఎక్కువ కాలం వెట్ బల్బే అంతకన్నా పైన ఉంటుంది, టవర్ ఎంత పెద్దది పెట్టినా ఆ నీరు రాదు. రెండు కంపెనీల మెషిన్లని ఐపీఎల్‌వీతో పోల్చి కొనడం మన తీరప్రాంతంలో అర్థం లేని పని. కేంద్ర సంస్థ బీఈఈ స్టార్ లేబుల్‌లో మన వాతావరణానికి తగ్గట్టు ఐఎస్‌ఈఈఆర్ అనే రేటింగ్ తెచ్చింది ఇందుకే, పోల్చాల్సివస్తే అది చూడండి, ఇంకా మంచిది మీ ఊరి వెట్ బల్బ్‌తో మీరే లెక్కగట్టుకోవడం.

కాబట్టి కంపెనీని అడిగేటప్పుడు కచ్చితంగా ఇలా అడగండి: ఫుల్ లోడ్ దగ్గర చల్లనీరు 5, 7, 9, 11 డిగ్రీలకి, కండెన్సర్ నీరు 20 నుంచి 33 దాకా మూడు నాలుగు అంచెల్లో కెపాసిటీ, కిలోవాట్లు. తర్వాత కండెన్సర్ నీరు మార్చకుండా 100, 75, 50, 25 శాతం లోడులు, అదే 24 దగ్గర ఒకసారి, 28 దగ్గర ఒకసారి, 32 దగ్గర ఒకసారి. సేల్స్ అతను "కండెన్సర్ రిలీఫ్ షీట్ పంపించాను కదండీ" అంటాడు. అందులో లోడుతో పాటు కండెన్సర్ టెంపరేచరూ దిగుతుంది. అది కాదు, టెంపరేచర్ స్థిరంగా పెట్టి కావాలి అని మళ్లీ అడగండి. ఆర్డర్ ఇవ్వకముందే అడగండి, తర్వాత ఫోన్ ఎత్తరు.

సెన్సర్ల గురించి కటువుగా ఒక మాట

డెల్టా టీ ఐదు డిగ్రీలు. ఒక సెన్సర్ 0.3 ఎక్కువ, ఇంకోటి 0.2 తక్కువ చూపిస్తే తప్పు అర డిగ్రీ, అంటే లోడు లెక్కలో పది శాతం, సీఓపీ 6.1 బదులు 6.7. ఫ్లో మారకుండా సగం లోడులో డెల్టా టీ 2.5కి దిగితే అదే తప్పు ఇరవై శాతం. ఈ డేటా మీద గోర్డన్-ఎన్‌జీనా, ఈఐఆరా అని వాదించుకోవడం దండగ.

కొలతలు నమ్మొచ్చో లేదో చూడటానికి హీట్ బ్యాలెన్స్ ఉంది: కండెన్సర్‌లో వదిలిన వేడి, ఎవాపరేటర్‌లో తీసుకున్న వేడికి కంప్రెసర్ కరెంటు కలిపితే వచ్చేదానికి సమానం కావాలి. సింగపూర్ గ్రీన్ మార్క్ అనే బిల్డింగ్ సర్టిఫికేషన్‌లో కనీసం 80 శాతం రీడింగులు ప్లస్ లేదా మైనస్ 5 శాతం లోపల ఉండాలని షరతు. ఇక్కడ అలా ఎవరూ అడగకపోయినా మీరు పెట్టుకోండి. ఆ హద్దు దాటిన రీడింగులు మోడల్‌లోకి రానివ్వకండి. చిల్లర్ స్టార్ట్ అయిన మొదటి ఇరవై నిమిషాలు, లోడు గబగబా మారే సమయాలు కూడా తీసేయండి.

అయితే ఏది తీసుకోవాలి

కొత్త ప్లాంట్ కొనబోతున్నారు, రెండు మూడు కంపెనీల మధ్య తేల్చుకోవాలి: పైన చెప్పిన పూర్తి టేబుల్ తెప్పించి రీఫార్ములేటెడ్ ఈఐఆర్ ఫిట్ చేయండి, మీ ఊరి గంటవారీ వెట్ బల్బ్‌తో, మీ లోడుతో ఏడాది నడపండి. టేబుల్ ఇవ్వని కంపెనీని పోలికలోంచి తీసేయడం కూడా ఒక నిర్ణయమే.

నడుస్తున్న ప్లాంట్, ఒకే వేగం స్క్రూ లేదా సెంట్రిఫ్యూగల్, ఏడాది లాగ్ ఉంది, సెన్సర్లు బాగున్నాయి: గోర్డన్-ఎన్‌జీ.

నడుస్తున్న వీఎఫ్‌డీ ప్లాంట్ అయితే ఫీల్డ్ డేటా మీద నేరుగా ఈఐఆర్ ఫిట్ చేయొద్దు. కెపాసిటీ కర్వ్ ఫిట్ కావాలంటే మెషిన్ ఫుల్ లోడ్‌లో ఉండాలి, ప్లాంట్‌లో ఏడాదికి ఎన్ని గంటలు ఫుల్ లోడ్ వస్తుంది చెప్పండి. కర్వ్‌ల ఆకారం కంపెనీ టేబుల్ నుంచి తీసుకోండి, మట్టం మాత్రం మీ మీటర్ నుంచి సర్దండి, అంటే రిఫరెన్స్ సీఓపీ ఒక్కదాన్నే మీ డేటాకి కలిసేలా మార్చండి. పాతబడిన మెషిన్‌కి కూడా ఇది బాగా పనిచేస్తుంది.

ఏ డేటా లేదు, రేపు మీటింగ్ ఉంది: అప్రోచ్ కలిపిన కార్నో భిన్నం. వచ్చిన ఆదాలో మూడో వంతు కోసేసి చెప్పండి. అది శాస్త్రం కాదు, అనుభవంతో పెట్టుకున్న జాగ్రత్త.

ఏది ఎంచుకున్నా పరీక్ష ఒకేలా చేయండి. గంటవారీ డేటాని యాదృచ్ఛికంగా విడగొట్టి సగం మీద ఫిట్, సగం మీద టెస్ట్ అంటే మోసపోతారు, పదింటి రీడింగ్ ట్రైనింగ్‌లో ఉంటే పదకొండింటిది ఎలాగూ సరిపోతుంది. ఒక నెల మొత్తం పక్కన పెట్టండి, లేదా ఒక టెంపరేచర్ పట్టీ మొత్తం. తర్వాత మీ పరిధి నాలుగు మూలల్లో ఒక్కో డిగ్రీ మార్చి చూడండి. ఎక్కడైనా డిగ్రీకి ఒక శాతం కన్నా తక్కువ గానీ, ఐదు కన్నా ఎక్కువ గానీ వస్తే అనుమానించండి, దిశ తిరగబడితే ఆ మోడల్ పారేయండి.

ఇక ఏడు దగ్గరే అతుక్కుపోయిన డేటా ఉన్నవాళ్లకి: మోడల్ మార్చి లాభం లేదు, సెట్ పాయింటే మార్చాలి. లోడు తేలిగ్గా ఉండే కాలంలో కొన్నాళ్లు 8, కొన్నాళ్లు 9, మళ్లీ 7, మధ్యలో టవర్ ఫ్యాన్ సెట్ పాయింట్ కూడా రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ, కంపెనీ ఇచ్చిన కనిష్ఠ కండెన్సర్ టెంపరేచర్ కన్నా కిందికి పోకుండా. ఆఫీసు, మాల్ అయితే గదిలో తేమ చూసుకుంటూ చేయొచ్చు. ఫార్మా క్లీన్ రూమ్, ఆపరేషన్ థియేటర్ ఉన్న చోట తేమ తీయడానికే 7 డిగ్రీలు పెట్టి ఉంటారు, అక్కడ క్వాలిటీ వాళ్లని అడగకుండా చల్లనీటి జోలికి పోకండి, కండెన్సర్ వైపు మాత్రమే ప్రయోగం చేయండి. చల్లనీరు వెచ్చబడితే ఏహెచ్‌యూలు (గదులకి చల్లగాలి పంపే యూనిట్లు) ఎక్కువ నీరు లాగుతాయి, సెకండరీ పంపు కరెంటు పెరుగుతుంది, టవర్ నీరు చల్లబరచాలంటే ఫ్యాన్ కరెంటు పెరుగుతుంది. అందుకే ప్రయోగం జరుగుతున్నన్నాళ్లూ చిల్లర్ మీటర్‌తో పాటు పంపులు, ఫ్యాన్ల మీటర్లు కూడా అదే పావుగంట అంచెలో లాగ్ అయ్యేలా ముందే బీఎంఎస్ వాళ్లతో పెట్టించుకోండి.